చూపూ చెయ్యీ జతకూడే ఆట

పది నెలల పాప నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఒకే ఒక్క మరమరం. పాప దాన్ని కన్నార్పకుండా చూసింది. నోరు కొద్దిగా తెరుచుకుంది, నాలుక కొస బయటికొచ్చింది. చెయ్యి చాచింది. మొదటిసారి అరచెయ్యి మొత్తం మీద పడి మరమరం పక్కకు జారింది. రెండోసారి నాలుగు వేళ్లతో గీరింది, రాలేదు. మూడోసారి బొటనవేలు, చూపుడువేలు ఎదురెదురుగా వచ్చి దాన్ని పట్టేశాయి. అప్పుడు చూడాలి పాప మొహం!

ఇదంతా జరగడానికి నిమిషం చాలు. కానీ మన ఇళ్లల్లో ఆ నిమిషాన్ని పూర్తికానిచ్చేవాళ్లు తక్కువ. రెండోసారి తప్పగానే పక్కనున్న అమ్మో నాన్నమ్మో ‘అయ్యో బంగారం’ అంటూ తీసి నోట్లో పెట్టేస్తారు. ప్రేమతోనే పెడతారు. ఆ ప్రేమకు మరో అరనిమిషం ఓపిక తోడైతే పిల్లలకు ఎంత మేలో చెప్పడానికే ఈ కథనం.

ఆ మరమరాన్ని అందుకోవడానికి లోపల జరిగే పని చిన్నదేమీ కాదు. రెండు కళ్లూ ఒకే చోట నిలవాలి, అప్పుడే అది ఎంత దూరంలో ఉందో బాగా తెలుస్తుంది. తన చెయ్యి ఎక్కడుందో చూడకుండానే తెలియాలి. కండరాలు, కీళ్లు పంపే కబురుతో మెదడు ఆ లెక్క కడుతుంది. చెయ్యి బయల్దేరాక దారి తప్పితే మధ్యలోనే సవరించాలి. వస్తువు సైజుకు తగ్గట్టు వేళ్లు ముందే విచ్చుకోవాలి. అందుకున్నాక అది నలగకుండా, జారకుండా సరిపడా బిగించాలి. అనుకున్నదానికీ జరిగినదానికీ ఎంత తేడా వచ్చిందో చిన్నమెదడు గమనించి, తర్వాతి ప్రయత్నాన్ని దిద్దుతుంది. పాప మొదటి రెండుసార్లు గురి తప్పింది కాబట్టే మూడోసారికి ఆ దిద్దుబాటు దొరికింది.

పెద్దయ్యాక ఈ జత ఎంత సాఫీగా నడుస్తుందో 1999లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ లాండ్ బృందం చూపించింది. వాళ్లు గమనించింది టీ పెట్టుకునేవాళ్ల కళ్లని. కెటిల్ దగ్గరికి, కప్పు దగ్గరికి, పాల దగ్గరికి చెయ్యి చేరడానికి దాదాపు అర సెకను ముందే చూపు అక్కడికి చేరుతోంది. చేతిలో పని ముగుస్తుండగానే అది తర్వాతి వస్తువు మీదికి వెళ్లిపోతోంది. పొద్దున్నే పొయ్యి దగ్గర మనందరం చేసేదీ ఇదే. ఆ అర సెకను ముందస్తు చూపు ఎవరికీ పుట్టుకతో రాలేదు. పసితనంలో లెక్కలేనన్నిసార్లు పట్టి, జార్చి, మళ్లీ పట్టి సంపాదించుకున్నదే.

బుట్టలో కూర్చున్న పిల్లిపిల్ల

మరి కళ్లతో చూస్తూ ఉంటే సరిపోదా? చెయ్యే కదలాలా?

1963లో అమెరికా శాస్త్రవేత్తలు రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ దీన్ని తేల్చడానికి ఒక ప్రయోగం చేశారు. చీకట్లో పెంచిన పిల్లిపిల్లల్ని జంటలుగా రోజుకు మూడు గంటలు వెలుతురులోకి తెచ్చేవారు. అక్కడొక తొట్టి, దాని లోపలి గోడల నిండా నిలువు చారలు, మధ్యలో రంగులరాట్నంలాంటి అమరిక. ఒక కొసన ఉన్న పిల్ల తన కాళ్లతో తాను నడుస్తుంది. రెండో కొసన ఉన్నది చిన్న బుట్టలో కూర్చుంటుంది. మొదటిది నడిచినప్పుడల్లా ఇదీ తిరుగుతుంది. రెండింటికీ కనిపించేది ఒకటే.

కొన్నాళ్ల తర్వాత వాటిని పరీక్షించారు. ఎత్తి పట్టుకుని బల్ల అంచు వైపు దించుతుంటే, నడిచిన పిల్ల బల్ల తగలకముందే ముందుకాళ్లు చాచింది. బుట్టలోది చాచలేదు. మొహం మీదికి వస్తువు వస్తున్నా రెప్ప వేయలేదు. లోతుగా కనిపించే వైపు వెళ్లకూడదనీ దానికి తెలియలేదు. వెలుతురులో ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చాక మాత్రం రెండు రోజుల్లో అదీ మామూలైపోయింది.

పిల్లుల మీద తేలినదాన్ని యథాతథంగా మనుషులకు అంటగట్టకూడదు. కానీ పసిపిల్లల మీద ఆ తర్వాత జరిగిన పరిశోధనలు చాలావరకు ఇదే దారి చూపిస్తున్నాయి. తన చెయ్యి తానే కదిపి, దాని ఫలితాన్ని తన కళ్లతో చూసుకున్నప్పుడే బిడ్డకు ఆ రెండింటికీ లంకె కుదురుతుంది. ఇంకొకరు చేసి చూపించినా, తెరమీద ఎంత అందంగా ఆడించినా దానికి సాటిరావు.

తొడుగులు తీసేయండి

పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త తేటగా కనిపిస్తాయి. పాలిచ్చేటప్పుడు తల్లి మొహం ఉండేదీ దాదాపు అంత దూరంలోనే. ఆ వయసులో చేతులు ఊరికే ఆడుతున్నాయని మనం అనుకుంటాం. 1995లో ఆడ్రీ వాన్ డెర్ మీర్ బృందం ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన అలా అనుకోవద్దంటుంది. వెల్లకిలా పడుకున్న నవజాత శిశువుల మణికట్టుకు చిన్న బరువు కట్టి, చేతిని కిందికి లాగేలా చేశారు. తమకు కనిపిస్తున్న చేతిని మాత్రం పిల్లలు ఆ బరువుకు ఎదురొడ్డి పైకే ఉంచారు. కనిపించని చేతిని వదిలేశారు. వారాల వయసు బిడ్డ కూడా తన చేతిని తాను చూసుకుంటూ దాని గురించి తెలుసుకుంటోందన్నమాట.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చూద్దాం. గోళ్లతో మొహం గీరుకుంటారన్న భయంతో బిడ్డ చేతులకు నెలల తరబడి గుడ్డ తొడుగులు వేసి ఉంచడం చాలాచోట్ల మామూలైపోయింది. స్నానం చేయించాక, నిద్రలో ఉన్నప్పుడు గోళ్లు తీస్తే ఆ భయం ఉండదు. గీరుకున్నా ఆ చిన్న గీత రెండు రోజుల్లో మానుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ చేతులు ఖాళీగా, కళ్లకు కనిపించేలా ఉండాలి.

అమెరికాలో ఎమీ నీడ్‌హామ్ బృందం 2002లో వేరే రకం తొడుగులు వాడింది. వాటి అరచేతుల్లోనూ, బొమ్మల అంచుల్లోనూ వెల్క్రో కుట్టారు. మూడు నెలల పిల్లలకు ఇంకా పట్టుకోవడం రాదు కదా, ఆ తొడుగు తగిలితే బొమ్మ చేతికి అంటుకుని వచ్చేస్తుంది. రోజూ కొద్ది నిమిషాలు, రెండు వారాలపాటు ఇలా ఆడిన పిల్లలు తర్వాత తొడుగులు లేకుండా కూడా మిగతావాళ్లకంటే ఎక్కువగా వస్తువుల్ని చూశారు, తాకబోయారు. ‘నేను చెయ్యి కదిపితే ఏదో జరుగుతుంది’ అన్న అనుభవం ఒకసారి రుచి చూస్తే చాలు, బిడ్డ ఇక ఊరుకోదు. మనం వెల్క్రో కొనక్కర్లేదు. అందేంత దూరంలో గిలక్కాయ ఒకటి పట్టుకుని, అది తగిలేదాకా ఆగితే అదే అనుభవం వస్తుంది.

గిలక్కాయ అంటే ఏటికొప్పాక గుర్తుకురావాలి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ, లక్కలో సహజ రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. మూలలు, పదును లేని నున్నటి గిలక్కాయలు, ఒకదాని మీద ఒకటి ఎక్కించే చక్రాలు, బొంగరాలు చిన్న చేతులకు ఎంత బాగా అమరుతాయో! కొండపల్లి బొమ్మలంటే నాకూ ప్రాణమే గానీ, అవి కొలువులో పెట్టి చూసుకోవాల్సినవి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వాల్సినవి కావు.

బొబ్బట్లు లేని పండగ

తెలుగిళ్లల్లో బిడ్డ నవ్వితే నువ్వుండలు పంచుతారు. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. మాటలొస్తే పంచదార చిలకలు. రెండు వేళ్లతో గింజను పట్టుకున్నందుకు మాత్రం ఎవరూ ఏమీ వండగా నేను చూడలేదు. నిజానికి తొమ్మిదో నెల నుంచి ఏడాది లోపు వచ్చే ఈ విద్య నడకకు ఏమాత్రం తీసిపోదు. రేపు గుండీ పెట్టుకోవాలన్నా, పెన్సిలు పట్టాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా దీనిమీదే ఆధారం.

ఆ వెంటనే ఇంకొకటి వస్తుంది, ఇంట్లోవాళ్లకు విసుగు తెప్పించేది. ఇచ్చిన ప్రతిదీ కింద పడేయడం. చెంచా ఇస్తే పడేస్తుంది, తీసిస్తే మళ్లీ పడేస్తుంది. ‘మొండి’ అంటాం. మొండితనమేమీ కాదది. పట్టు బిగించడం ఎప్పుడో వచ్చింది, కావాలనుకున్నప్పుడు వదలడం కొత్తగా వచ్చింది. పడిందెక్కడో కళ్లతో వెతుక్కుంటోంది, చప్పుడు వింటోంది. నాలుగు చెంచాలు, ఒక స్టీలు గిన్నె ఇచ్చి ‘ఇందులో వెయ్యి’ అంటే అదే పని ఆటైపోతుంది.

వంటగదికి మించిన బొమ్మల కొట్టు లేదు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెలు, ఏ డబ్బాకు ఏదో తేల్చుకోవాల్సిన మూతలు, ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్లు. రెండేళ్లు దాటాక, పెద్దలు పక్కనుండగా బఠాణీలు వలవడం, చపాతీ పిండి ముద్ద పిసకడం, ఉతికిన బట్టలకు క్లిప్పులు పెట్టడం. చెక్కదిమ్మలుంటే ఏడాదింపావుకు రెండు నిలబెడతారు, రెండేళ్లకు ఆరు దాకా పేర్చగలరు, మూడేళ్లకు తొమ్మిది. ఇవి సుమారు లెక్కలు. పక్కింటి పిల్లతో పోల్చి మీ పిల్లను కంగారుపెట్టడానికి కాదు.

ఈ వయసులో చేతి పనికీ మాటలకూ ఉన్న బంధాన్ని ఇండియానా విశ్వవిద్యాలయంలో చెన్ యూ, లిండా స్మిత్ బయటపెట్టారు. బుడతల తలకు చిన్న కెమెరా కట్టి, వాళ్ల కళ్లెదుట ఏముందో చూశారు. పిల్లల చేతులు పొట్టివి కాబట్టి, తాము పట్టుకున్న వస్తువు మొహానికి దగ్గరగా వచ్చి చూపు నిండా అదే ఉంటుంది. మిగతావన్నీ పక్కకు పోతాయి. సరిగ్గా ఆ క్షణంలో అమ్మ దాని పేరు చెబితే పిల్లలు ఆ పేరు బాగా పట్టుకున్నారు. కాబట్టి ‘ఇటు చూడు, ఇది వంకాయ’ అని మీ చేతిలోది చూపించే బదులు, వాళ్ల చేతికి వంకాయ వచ్చేదాకా ఆగి ‘వంకాయ’ అనండి.

ఆటకు ఇచ్చే సరుకు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మూడేళ్లలోపు పిల్లలకు గోళీలు, చింతగింజలు, పల్లీలు, గాలిబుడగ ముక్కలు అందనివ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. ఎర్రగా ముచ్చటగా ఉండే గురిగింజ కొరికితే విషం. రిమోట్లలో, మోతబొమ్మల్లో ఉండే గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. 2021 నుంచి మన దేశంలో అమ్మే చాలావరకు బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కొనేముందు అది వెతకండి.

ముద్దకూ ఫోనుకూ మధ్య

నాకు నిజంగా బాధ కలిగించే దృశ్యం అన్నం దగ్గర కనిపిస్తుంది. పిల్లాడి ఎదుట ఫోను, అందులో పాటలు. అమ్మ ముద్ద కలిపి నోట్లో పెడుతుంది. వాడు చూడకుండానే నోరు తెరుస్తాడు. కళ్లు ఒకచోట, చేతులు ఒడిలో ఊరికే పడి. రోజుకు మూడుసార్లు దక్కాల్సిన అవకాశం ఇలా జారిపోతోంది.

మన తిండి చూపుకూ చేతికీ ఎంత పని చెబుతుందో! పప్పన్నం వేళ్లతో కలపాలి, ముద్దగా చేర్చాలి, బొటనవేలితో నోట్లోకి నెట్టాలి. ఇడ్లీ తుంచాలి, చట్నీలో ముంచాలి, దారిలో కారిపోకుండా నోటిదాకా తేవాలి. ఏడాది పిల్లలు సగం మీద పోసుకుంటారు, నిజమే. పాత చీర ముక్క పరిచి కూర్చోబెట్టండి, పోసుకోనివ్వండి. ముందు వాళ్లను తమంతట తాము తిననిచ్చి, మిగిలింది మీరు పెట్టండి. సాయంత్రాలు అలసిపోయి ఇంటికొచ్చే తల్లిదండ్రుల ఇబ్బంది తెలియక చెబుతున్న మాట కాదిది. మూడు పూటల్లో ఒక్క పూట వదిలినా మేలే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దంది. ఆపై రెండేళ్లు నిండేదాకా కూడా వద్దనే చెప్పింది. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు, అంతకంటే తక్కువైతే మరీ మంచిది. ఇంకా పాకడం రాని పిల్లల్ని మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం అరగంట బోర్లా ఉంచాలనీ ఆ సంస్థే చెప్పింది. బోర్లా ఉన్నప్పుడు అరచేతుల మీద బరువు మోపి తలెత్తితేనే భుజాలకు, మణికట్టుకు బలం వస్తుంది. ఆ బలం వేళ్ల నేర్పుకు తోడవుతుంది.

‘అ’ రాయించడానికి తొందరేమిటి

మూడేళ్ల పిల్ల చూసి గీయగలిగేది గుండ్రం. అడ్డగీత, నిలువుగీత కలిసిన కూడిక గుర్తు గీయడానికి నాలుగేళ్లు రావాలి. నాలుగున్నర ప్రాంతంలో చతురస్రం, ఐదేళ్లకు త్రిభుజం. ఇక మన అక్షరాలు చూడండి. చుట్టలు, వంపులు, ఒక మలుపులోంచి ఇంకో మలుపు. గుండ్రం మాత్రమే వచ్చిన చేతికి నర్సరీలోనే నాలుగు గీతల పుస్తకం ఇచ్చి, పేజీ నిండా ‘అ’ దిద్దమంటున్నాం. రాయకపోతే ఇంటికి కబురొస్తుంది, ఇంట్లో కసురుతాం.

ఎక్స్-రేలో చూస్తే ఈ తొందర ఎంత అన్యాయమో అర్థమవుతుంది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థే. మూడేళ్లకు మామూలుగా మూడింటిలోనే ఎముక ఏర్పడటం మొదలవుతుంది. ఎనిమిదోది కనిపించడానికి పదేళ్లు అటూఇటూ పడుతుంది. ఆ చెయ్యి ఇంకా తయారవుతోంది.

అక్షరాభ్యాసంలో పెద్దలు పళ్లెంలో బియ్యం పోసి వేలితో రాయిస్తారు. పద్ధతి అంటే అది. గట్టి పట్టు అక్కర్లేదు, గింజల గరుకు వేలికి తగులుతుంది, తప్పితే చెరిపేయొచ్చు. ఒక్క రోజు తంతుగా ముగించకుండా దాన్నే నెలల తరబడి ఆటగా సాగనిస్తే ఎంత బాగుండు! తడి ఇసుకలో గీతలు, గోడకు ఆనించిన పలక మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద సున్నాలు, నీళ్లలో ముంచిన బ్రష్షుతో అరుగు మీద బొమ్మలు. ఐదేళ్లు వచ్చాక నాన్నమ్మ పక్కన కూర్చుని ముగ్గు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పిండి పట్టి, చుక్క నుంచి చుక్కకు సన్నగా వదులుతూ వెళ్లడంలో ఉన్న సాధన ఏ దస్తూరి పుస్తకంలోనూ లేదు. మగపిల్లల్ని కూడా ఆ పక్కనే కూర్చోబెట్టండి.

2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల వారికి ఆటే చదువు అని స్పష్టంగా రాసింది. మరుసటి ఏడాది కేంద్రం ‘జాదుయీ పిటారా’ పేరుతో బొమ్మలు, పజిళ్లు ఉన్న పెట్టెను విడుదల చేసింది. కాగితం మీద దారి సరిగ్గానే ఉంది. ఆ పెట్టెలు బీరువాలో తాళం పడకుండా పిల్లల చేతికి వస్తున్నాయో లేదో మన ఊరి అంగన్‌వాడీకి వెళ్లి అడగాల్సింది మనమే.

కంటి దగ్గరే అడ్డంకి ఉంటే

ఎంత ఆడించినా కన్ను సరిగ్గా లేకపోతే జత కుదరదు. నాలుగు నెలలు దాటాక కూడా కళ్లు రెండూ ఒకే వైపు నిలవకపోతే, ఆరు నెలలైనా వస్తువు కోసం చెయ్యి చాచకపోతే డాక్టరుకు చూపించాలి. ఏడాది నిండకుండానే ఒకే చెయ్యి వాడుతుంటే ‘ఎడమచేతి వాటం’ అని సరిపెట్టుకోకండి, రెండో చేతిలో బలహీనత ఉందేమో పరీక్షించాలి. కనుపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే ఆ రోజే బయల్దేరాలి. 34 వారాలకంటే ముందు, లేదా రెండు కిలోలలోపు బరువుతో పుట్టిన పిల్లలకు 30 రోజుల్లోగా రెటీనా పరీక్ష తప్పనిసరి. మెల్లకన్ను అదృష్టమని ఇప్పటికీ కొందరంటారు. దాన్ని వదిలేస్తే మెదడు ఆ కంటి చూపును పక్కనపెట్టేస్తుంది, అదే లేజీ ఐ. మంచి కంటికి కొన్ని గంటలు పట్టీ వేసి, బలహీనమైన కంటితో పూసలు గుచ్చించడం, బొమ్మలకు రంగులు వేయించడం చికిత్సలో భాగం. ఏడెనిమిదేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇందుకోసం పిల్లల విభాగమే ఉంది.

పుట్టుశుక్లాలతో చూపులేని పిల్లలకు ఆపరేషన్ చేయిస్తూ, వాళ్లు చూడటం ఎలా నేర్చుకుంటారో పరిశీలించే ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ను ఎంఐటీకి చెందిన పవన్ సిన్హా ఢిల్లీ కేంద్రంగా నడుపుతున్నారు. ఆ బృందం 2011లో, ఎనిమిది నుంచి పదిహేడేళ్ల మధ్య వయసున్న ఐదుగురు పిల్లల్ని చూపు వచ్చిన రెండు రోజుల్లోపే పరీక్షించింది. చేత్తో తడిమిన దిమ్మ ఏదో కళ్లతో చూసి పోల్చుకోమంటే వాళ్ల జవాబులు గుడ్డిగా ఊహించినట్టే ఉన్నాయి. చేతికి తెలిసింది కంటికి తెలియలేదు. కొద్ది రోజులు చూస్తూ, తాకుతూ తిరిగాక వాళ్లలో కొందరిని మళ్లీ పరీక్షిస్తే బాగా పోల్చుకున్నారు. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు రిచర్డ్ హెల్డ్‌ది, పిల్లిపిల్లల ప్రయోగం చేసినాయనే. అప్పటికాయన ఎనభై ఏళ్లు ఎప్పుడో దాటారు.

కన్ను బాగున్నా చేతి పనుల్లో తడబడే పిల్లలు బడి వయసులో వందకు ఐదారుగురు ఉంటారు. గుండీలు పెట్టుకోలేరు, బంతి పట్టలేరు, దస్తూరి కుదరదు. వాళ్లను మొద్దులని తిడుతున్నాం. తిట్టే బదులు ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

బంతి నుంచి అచ్చంగిల్లల దాకా

కదిలే వస్తువు ఎక్కడికి చేరుతుందో ముందే ఊహించి అక్కడికి చెయ్యి చాచడం నాలుగైదు నెలల పిల్లలకే వస్తుందని స్వీడన్ పరిశోధకుడు క్లాస్ వాన్ హాఫ్‌స్టెన్ ఎప్పుడో చూపించారు. అయినా మూడేళ్లవాడికి బంతి విసిరితే రెండు చేతులూ కట్టెల్లా చాచి నిలబడతాడు, మొహం పక్కకు తిప్పేస్తాడు. రెండు చేతులు, నిలబడిన ఒళ్లు, భయం, అన్నీ ఒకేసారి సర్దుకోవాలి కదా. వేళ్లతో ఒడిసిపట్టడానికి ఐదారేళ్లు రావాలి. అందాకా నెమ్మదిగా వచ్చేవి ఇవ్వండి. ముందు నేల మీద దొర్లించిన బంతి. తర్వాత పైకెగరేసిన చేతిరుమాలు, అది తేలుతూ దిగుతుంది కాబట్టి కంటికి వ్యవధి దొరుకుతుంది. ఆ తర్వాత పాత గుడ్డలతో చుట్టి కుట్టిన బంతి. తగిలినా నొప్పి ఉండదు, మొహం తిప్పే అలవాటు పోతుంది.

ఐదారేళ్లు నిండాక మన వీధి ఆటలన్నీ వాళ్లవే. ఏడుపెంకులు, గోళీలు, బొంగరం, గాలిపటం. బిళ్లంగోడు మాత్రం (తెలంగాణలో చిర్రగోనె) పెద్దలు దగ్గరుండి, బిళ్ల ఎగిరే వైపు ఎవరూ లేకుండా చూసి ఆడించాలి. కంటికి తగిలిందంటే చాలా ప్రమాదం.

అన్నిటిలోకీ నేను పట్టంగట్టేది అచ్చంగిల్లలకే. కొన్నిచోట్ల అచ్చనగాయలంటారు, గచ్చకాయలతో ఆడేవాళ్లూ ఉన్నారు. ఐదు రాళ్లు. ఒకటి పైకెగరేసి, అది దిగేలోగా కింద ఉన్నది తీసుకుని, అదే చేత్తో దాన్ని పట్టాలి. చూపు పైనున్న రాయిని వదలకూడదు, చెయ్యి కింద చూడకుండా వెతుక్కోవాలి. ఇందాక టీ దగ్గర చూసిన అర సెకను ఇక్కడ పరీక్షకొస్తుంది. కింది రాయిని ఒక్క క్షణం చూసి గుర్తుపెట్టుకుని, చూపు పైకి మళ్లించాక చేతిని నమ్మి వదిలేయాలి. ఆటలో రెండేసి, మూడేసి రాళ్లకు వెళ్లేకొద్దీ అవి ఎలా పడేలా చల్లాలో కూడా లెక్క వేసుకోవాలి. ఆడపిల్లల ఆటని దీన్ని పక్కనపెట్టేశాం. క్రికెట్ కోచింగ్‌కు పంపే మగపిల్లలకు ఇంతకు మించిన క్యాచింగ్ సాధన ఇంట్లో దొరకదు.

ఈ ఆట బాగా వచ్చినవాళ్లు ఇప్పుడు అరవై దాటిన అమ్మమ్మలు, నాన్నమ్మలు. ఈ మధ్యాహ్నమే వాళ్లను పిల్లల పక్కన చాప మీద కూర్చోబెట్టండి. ఐదు రాళ్లూ ఒకేసారి ఇవ్వొద్దు. మొదట ఒక్క రాయి, పెసరగింజంత కాకుండా పిడికిట్లో నిండుగా ఉండేది. ఎగరేసి రెండు చేతుల్తో పట్టాలి. అది కుదిరాక ఒక చేత్తో. తర్వాత ఎగరేసి, నేలను ఒకసారి తట్టి పట్టాలి. నేలను తట్టడం వచ్చిందంటే అక్కడ రెండో రాయి పెట్టొచ్చు.